భుజం శస్త్రచికిత్స తర్వాత బాక్టీరియా ఇన్ఫెక్షన్: తరచుగా అడిగే ప్రశ్నలు

భుజానికి ఆపరేషన్ చేయించుకోబోయేవారూ, చేయించుకుని ఇంటికి చేరినవారూ, వారిని కనిపెట్టుకుని ఉండే ఇంటివారూ అడిగే సందేహాలు చాలావరకు అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాం. మోకాలు, తుంటి ఆపరేషన్ల గురించి విన్న సంగతులు భుజానికి యథాతథంగా వర్తించవు. గందరగోళంలో సగం అక్కడే పుడుతోంది. ప్రశ్నలను దశలవారీగా ఉంచాం, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, కావలసినది మాత్రమే చదువుకోవచ్చు. మీ గాయాన్ని స్వయంగా చూసిన సర్జన్ ఇందుకు భిన్నంగా చెబితే ఆయన మాటే పాటించండి.

## ఆపరేషన్‌కు ముందు

భుజం ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం అసలు ఎంత?

అది ఏ ఆపరేషన్ అన్నదాన్ని బట్టి మారుతుంది. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే ఆర్థ్రోస్కోపీలో నూటికి ఒకరికన్నా తక్కువమందికే వస్తుంది. కోత చిన్నదిగా ఉండటం, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ కీలులో సెలైన్ ప్రవహిస్తూ ఉండటం ఇందుకు తోడ్పడతాయి. కృత్రిమ కీలును తొలిసారి అమర్చినప్పుడు సుమారు నూటికి ఒకరిద్దరిలో వస్తుంది. ఒకసారి అమర్చిన కీలును తెరిచి సరిచేసే రివిజన్ ఆపరేషన్‌లో ముప్పు చెప్పుకోదగినంత పెరుగుతుంది. అదుపులో లేని మధుమేహం, పొగతాగడం, అధిక బరువు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, అదే భుజానికి ఇదివరకు జరిగిన ఆపరేషన్ ఈ లెక్కను పైకి జరుపుతాయి.

మొటిమలు తెచ్చే బాక్టీరియానే భుజంలోకి వెళ్తుందట, నిజమేనా?

నిజమే, భుజాన్ని ఇతర కీళ్ల నుంచి వేరుచేసేది కూడా అదే. దాని పేరు క్యూటిబాక్టీరియం యాక్నెస్. 2016 వరకు దాన్ని ప్రోపియోనిబాక్టీరియం యాక్నెస్ అనేవారు కాబట్టి పాత రిపోర్టులో ఆ పేరు కనిపిస్తే అది వేరే జబ్బేమో అని కంగారుపడనక్కరలేదు. ఇది బయటి నుంచి వచ్చి పడే క్రిమి కాదు, ప్రతి మనిషి చర్మంలోనూ నివసించేదే. వెంట్రుకల కుదుళ్లను అంటిపెట్టుకుని ఉండే నూనె గ్రంథుల లోపల, ఆక్సిజన్ పెద్దగా అందని చోట ఇది కాపురముంటుంది. ముఖం, వీపు పైభాగం, ఛాతీ, భుజాల మీద అలాంటి గ్రంథులు దట్టంగా ఉంటాయి. మగవారి భుజాల మీద దీని సంఖ్య ఆడవారిలోకన్నా ఎక్కువ. సర్జన్ కత్తి చర్మం మందాన్ని కోసుకుంటూ వెళ్లినప్పుడు ఆ గ్రంథులు తెగి, వాటిలోని బాక్టీరియా పరికరాల ద్వారా, చేతితొడుగుల ద్వారా లోతుకు చేరగలదు. అందువల్ల ఇన్ఫెక్షన్ వచ్చిందంటే రోగి శుభ్రంగా లేడనో, ఇంటివారు సరిగా చూసుకోలేదనో అనుకోవడం అన్యాయం. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్, స్టెఫైలోకాకస్ ఆరియస్ అనేవి కూడా భుజంలో ఇన్ఫెక్షన్ తెస్తాయి. వీటిలో ఆరియస్ తెచ్చే ఇన్ఫెక్షన్ సాధారణంగా చీము, జ్వరం, వాపులతో గట్టిగానే బయటపడుతుంది.

నాకు మధుమేహం ఉంది, పొగ తాగే అలవాటూ ఉంది. ఆపరేషన్ వాయిదా వేసుకోవాలా?

అత్యవసరం కాని ఆపరేషన్ అయితే వాయిదా మంచిదే కావచ్చు. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ సుమారు 8 శాతానికి లోపు వచ్చేదాకా ఆగమని చాలామంది సర్జన్లు చెబుతారు. పొగను కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే గాయం మానడంలో తేడా కనిపిస్తుంది. ఎముక విరిగి వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తే ఈ గడువులు వర్తించవు.

నెల కిందట భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. ఈ విషయం చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి, తేదీతో సహా చెప్పాలి. కీలులో స్టెరాయిడ్ వేసిన కొద్ది వారాలకే ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుందని పరిశీలనల్లో తేలింది. కృత్రిమ కీలు అమర్చబోతున్నట్లయితే ఇంజెక్షన్ తర్వాత మూడు నెలలు ఆగడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇంజెక్షన్ వేరొక డాక్టరు వేసి ఉంటే ఆ సంగతి సర్జన్‌కు మీరు చెబితే తప్ప తెలియదు.

భుజం మీద, చంకలో వెంట్రుకలు ఇంట్లోనే గొరిగించుకుని రావాలా?

వద్దు. బ్లేడు చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పెడుతుంది, వాటిలో బాక్టీరియా పెరుగుతుంది. వెంట్రుకలు అడ్డమైతే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో కత్తిరిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆపరేషన్‌కు ముందు క్షవరం చేయవద్దనే చెబుతున్నాయి.

ఆపరేషన్‌కు ముందు బెంజాయిల్ పెరాక్సైడ్ రాసుకోమన్నారు. మొటిమల మందు నాకెందుకు?

క్లోర్‌హెక్సిడిన్ లాంటి సాధారణ క్రిమినాశక ద్రావణాలు చర్మం పైపొరను బాగానే శుభ్రం చేస్తాయి కానీ నూనె గ్రంథుల అడుగు దాకా దిగలేవు. 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ ఆ కుదుళ్లలోకి ఇంకి, అక్కడ ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. ఆక్సిజన్ గిట్టని బాక్టీరియాకు అది చావుదెబ్బ. ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజుల పాటు రాసినవారి చర్మం మీద ఈ బాక్టీరియా తగ్గినట్లు పరీక్షల్లో స్పష్టంగా తేలింది. అసలు ఇన్ఫెక్షన్లే తగ్గుతాయని చెప్పడానికి ఆధారం ఇంకా చాలదు. అయినా ఖర్చు, హాని రెండూ తక్కువైన జాగ్రత్త కాబట్టి సర్జన్ చెబితే పాటించడమే మేలు. భుజం ముందువైపు, వెనకవైపు, పైన, చంకలో పలచగా రాయాలి. వెనక భాగం మీ చేతికి అందదు కాబట్టి మరొకరి సాయం తీసుకోండి. జెల్ పూర్తిగా ఆరాకే చొక్కా వేసుకోండి, ఎందుకంటే ఇది రంగు బట్టలను, దిండు గలీబులను తెల్లటి మరకలతో పాడుచేస్తుంది, ఆ మరకలు ఉతికినా పోవు. మంట, దద్దురు కనిపిస్తే రాయడం ఆపి సర్జన్‌కు తెలియజేయాలి, ఎర్రబడి పొక్కిన చర్మం మీద కోత పెట్టడం మంచిది కాదు.

చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదని చెప్పారు. దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

ఆ ఒక్క మాట వల్ల మీకు మెరుగైన మందు అందకుండా పోయే అవకాశం ఉంది కాబట్టి దీన్ని ముందే తేల్చుకోవాలి. భుజం ఆపరేషన్‌కు సాధారణంగా ఇచ్చే యాంటీబయాటిక్ సెఫజోలిన్. పెన్సిలిన్ పడదని రాసి ఉంటే దానికి బదులు వాంకోమైసిన్ లేదా క్లిండమైసిన్ ఇస్తుంటారు, భుజం కీలు మార్పిడిలో సెఫజోలిన్ ఇచ్చినవారికన్నా వీరిలో ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. పెన్సిలిన్ అలర్జీ ఉందని చెప్పుకునేవారిలో అత్యధికులకు పరీక్ష చేస్తే అలర్జీ లేదనే తేలుతుంది. పైగా సెఫజోలిన్ అణువు నిర్మాణం పెన్సిలిన్‌కు భిన్నం కావడం వల్ల నిజంగా అలర్జీ ఉన్నవారిలో కూడా చాలామందికి అది పడుతుంది. అప్పుడు సరిగ్గా ఏం జరిగింది, విరేచనాలా, దద్దురా, ఊపిరాడకపోవడమా అన్నది ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకుని మత్తుమందు డాక్టరుకు చెప్పండి. ఊపిరాడక ఆసుపత్రిలో చేరడం, ఒళ్లంతా చర్మం ఊడిపోవడం లాంటివి జరిగి ఉంటే మాత్రం ఆ హెచ్చరికను అలాగే ఉంచాలి.

## ఆపరేషన్ రోజు

యాంటీబయాటిక్ ఒక్క మోతాదే ఇచ్చారు. వారం రోజులు మాత్రలు రాయాల్సింది కాదా?

అక్కరలేదు. ఇక్కడ ముఖ్యమైనది రోజుల సంఖ్య కాదు, సమయం. కోత పెట్టే క్షణానికి రక్తంలో, కండరాల్లో మందు తగినంత ఉండాలి కాబట్టి సెఫజోలిన్‌ను కోతకు ముందు 60 నిమిషాల లోపు ఇస్తారు. పెద్దవారికి సాధారణ మోతాదు 2 గ్రాములు, బరువు 120 కిలోలు లేదా అంతకుమించి ఉంటే 3 గ్రాములు. వాంకోమైసిన్ నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు కాబట్టి దాన్ని రెండు గంటల ముందే మొదలుపెట్టవచ్చు. ఆపరేషన్ చాలాసేపు సాగితే మధ్యలో మరో మోతాదు ఇస్తారు. అది ముగిశాక నివారణ కోసం యాంటీబయాటిక్‌ను పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి; కొన్నిచోట్ల 24 గంటల దాకా కొనసాగిస్తారు. రోజుల తరబడి మాత్రలు మింగితే మిగిలేది విరేచనాలు, మందులకు లొంగని బాక్టీరియా మాత్రమే.

ముక్కులో మందు ఎందుకు రాస్తున్నారు?

స్టెఫైలోకాకస్ ఆరియస్ కొందరి ముక్కులో ఏ ఇబ్బందీ కలిగించకుండా ఉంటుంది. పరీక్షలో అది ఉన్నట్లు తేలితే ముపిరోసిన్ లేపనాన్ని రోజుకు రెండుసార్ల చొప్పున సాధారణంగా ఐదు రోజులు ముక్కు లోపల రాయిస్తారు.

## ఇంటికి వచ్చాక, మొదటి వారాల్లో

ఆర్థ్రోస్కోపీ అయిన రాత్రే కట్టు తడిసిపోయింది. చీము పడుతోందా?

చాలావరకు కాదు. ఆపరేషన్‌లో కీలులోకి పంపిన సెలైన్ కొంత కండరాల్లో నిలిచిపోయి, కుట్ల దగ్గర నుంచి మొదటి ఒకటి రెండు రోజులు కారుతుంది. కొద్దిపాటి రక్తం కలవడం వల్ల అది లేత గులాబీ రంగులో నీళ్లలా ఉంటుంది, వాసన ఉండదు, రోజురోజుకూ తగ్గుతుంది. చిక్కగా, పసుపుగా, వాసనతో వచ్చేది వేరు; ఒకసారి ఆరిపోయిన గాయం మళ్లీ కారడం మొదలైనా, ఐదో రోజు దాటాక కూడా కట్టు తడుస్తూనే ఉన్నా సర్జన్‌కు చూపించాలి. ఎంత తడిసిందో మాటల్లో చెప్పడం కష్టం కాబట్టి మార్చిన ప్రతిసారీ కట్టును, గాయాన్ని వెలుతురులో ఫోటో తీసి ఉంచుకుంటే డాక్టరుకు పోల్చిచూడటం సులువవుతుంది.

మూడో రోజుకు మోచేతి దాకా నల్లగా కమిలిపోయింది. ఇన్ఫెక్షన్ పాకుతోందా?

భుజంలో చిమ్మిన రక్తం బరువుకు కిందికి జారి పైచేతిలో, మోచేతి దగ్గర, ఒక్కోసారి ఛాతీ పక్కన ఊదా రంగులో కనిపిస్తుంది. తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారి రెండు మూడు వారాల్లో మాయమవుతుంది. ఇన్ఫెక్షన్ ఎరుపు ఇలా ఉండదు. అది కుట్ల చుట్టూ మొదలై, తాకితే వెచ్చగా, నొప్పిగా ఉండి, గంటలు గడిచేకొద్దీ వెడల్పవుతుంది. అనుమానంగా ఉంటే ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి సమయం రాసి పెట్టండి. ఎరుపు ఆ గీత దాటితే ఆ రోజే చూపించుకోవాలి.

చేయి ఎత్తకూడదన్నారు. మరి చంక ఎలా కడుక్కోవాలి?

ఈ ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ అడగవలసిన ప్రశ్నే. చేయి రోజంతా స్లింగ్‌లో, అంటే మెడకు వేలాడదీసే పట్టీలో, ఒంటికి అతుక్కుని ఉండటం వల్ల చంకలో చెమట నిలిచి, చర్మం నానిపోయి, ఒరుసుకుపోతుంది. స్లింగ్ కాసేపు తీయడానికి సర్జన్ అనుమతి ఉంటే, బాగున్న చేతిని బల్ల మీద ఆనించి, నడుము దగ్గర ముందుకు వంగండి. అప్పుడు ఆపరేషన్ అయిన చేయి, కండరం బిగించకుండానే, దానంతటదే కిందికి వేలాడి ఒంటికి దూరమవుతుంది. ఆ సందులో మరొకరు తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. పౌడర్ చల్లవద్దు, అది చెమటతో ముద్దకట్టి గాయం దాకా చేరుతుంది. ఇక స్నానం విషయానికి వస్తే, గాయం పొడిగా ఉంటే సాధారణంగా 48 గంటల తర్వాత పై నుంచి నీళ్లు పోసుకోవచ్చు; తొట్టిలో, చెరువులో, ఈతకొలనులో మునగడం మాత్రం కుట్లు తీసి గాయం పూర్తిగా మూసుకునేదాకా వద్దు.

కాస్త జ్వరం తగిలింది. భయపడాలా?

మొదటి రెండు రోజుల్లో వచ్చే స్వల్ప జ్వరం చాలాసార్లు ఆపరేషన్‌కు శరీరం చూపే స్పందన మాత్రమే. మూడో రోజు తర్వాత 38 డిగ్రీల సెల్సియస్ దాటితే, వణుకుతో వస్తే, తగ్గిన నొప్పి మళ్లీ పెరుగుతూ వస్తే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. జ్వరంతో పాటు మనిషి మగతగా, అయోమయంగా మాట్లాడటం, ఊపిరి వేగంగా తీయడం, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.

వారానికి సీఆర్‌పీ ఎక్కువగా వచ్చింది. ఇన్ఫెక్షనేనా?

సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రెండూ ఒంట్లో వాపు ఎంత ఉందో తెలిపే రక్తపరీక్షలు; ఒక్క అంకెను బట్టి ఇన్ఫెక్షన్ అని చెప్పలేం. సీఆర్‌పీ ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు శిఖరానికి చేరి, రెండు మూడు వారాల్లో మామూలు స్థాయికి దిగుతుంది. ఈఎస్‌ఆర్ దిగడానికి ఇంకా ఎక్కువ కాలం, కొన్నిసార్లు నెలలు పడుతుంది. దిగుతున్న సీఆర్‌పీ మళ్లీ ఎక్కడం మొదలైతేనే అనుమానించాలి.

గాయం కొంచెం ఎర్రగా ఉంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోనా?

దయచేసి వేసుకోవద్దు. భుజం విషయంలో ఎక్కువ నష్టం చేసే పని ఇదే. లోతైన ఇన్ఫెక్షన్ ఉంటే ఆ మాత్రలు దాన్ని నయం చేయలేవు, కానీ పైకి కనిపించకుండా అణచిపెట్టగలవు. ఆ తర్వాత కణజాలం తీసి కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, పంపితే బాక్టీరియా పెరగక రిపోర్టు నెగటివ్‌గా వస్తుంది, ఏ క్రిమికి ఏ మందు వాడాలో తెలియకుండా పోతుంది. అందుకే పరిస్థితి విషమంగా లేకపోతే నమూనాలు తీయడానికి కనీసం రెండు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్‌లు ఆపిస్తారు. ఇప్పటికే రెండు మాత్రలు వేసుకుని ఉంటే దాచవద్దు, మందు పేరు, వేసుకున్న రోజు చెప్పండి.

## నెలలు గడిచాక

ఆరు నెలలైంది. గాయం చక్కగా మానింది, జ్వరం లేదు, కానీ నొప్పి, బిగుతు పోవడం లేదు. లోపల ఇన్ఫెక్షన్ ఉండవచ్చా?

ఉండవచ్చు, క్యూటిబాక్టీరియం తీరే అది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, చీము పెద్దగా పట్టనివ్వదు, లోహం మీద, కుట్టు దారాల మీద బయోఫిల్మ్ అనే జిగురు పొర కట్టుకుని దాని కింద ఉండిపోతుంది. నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు కీలు వదులైనప్పుడు గానీ సంగతి బయటపడదు. అలాగని ప్రతి నొప్పీ ఇన్ఫెక్షన్ కాదు: కీలు బిగుసుకుపోవడం, కుట్టిన కండరం మళ్లీ చిరగడం, కృత్రిమ కీలు సరిగా కుదరకపోవడం కూడా ఇలాగే బాధిస్తాయి. మొదట బాగా కోలుకుని, తర్వాత కారణం తెలియకుండా నొప్పి, బిగుతు మళ్లీ మొదలైతే, లేదా ఆపరేషన్ నుంచీ నొప్పి లేని రోజంటూ లేకపోతే, ఇన్ఫెక్షన్ కూడా కావచ్చా అని సర్జన్‌ను సూటిగా అడగండి.

రక్తపరీక్షలన్నీ నార్మల్. కీలులో సూది పెట్టినా ద్రవం రాలేదు. ఇన్ఫెక్షన్ లేనట్లే కదా?

లేనట్లు అనుకోలేం. మోకాలిలో, తుంటిలో బాగా ఉపయోగపడే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ పరీక్షలు ఈ మందకొడి బాక్టీరియా విషయంలో తరచూ మామూలుగానే వస్తాయి. భుజంలో సూది పెట్టినప్పుడు చుక్క ద్రవం కూడా రాకపోవడం మామూలే. అనుమానం బలంగా ఉంటే ఆర్థ్రోస్కోపీ ద్వారా కణజాలం ముక్కలు తీసి పరీక్షిస్తారు.

కల్చర్ రిపోర్టుకు రెండు వారాలు పడుతుందన్నారు. ల్యాబ్ ఆలస్యం చేస్తోందా?

లేదు, మీ మేలు కోసమే ఆగుతున్నారు. మామూలు బాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. క్యూటిబాక్టీరియం నమూనా వేసిన పోషకద్రవం నాలుగైదు రోజులైనా తేటగానే ఉండి, ఆ తర్వాత నెమ్మదిగా మసకబారవచ్చు. ఐదో రోజున సీసా పారేసి నెగటివ్ అని రాసేస్తే ఇన్ఫెక్షన్ తప్పించుకుపోతుంది, కాబట్టి 14 రోజుల దాకా ఉంచుతారు. నమూనాలు పంపే రోజునే ల్యాబ్‌కు ఆ సూచన వెళ్లిందా అని అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు.

ఐదు నమూనాల్లో ఒక్కదాంట్లోనే బాక్టీరియా వచ్చింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

చర్మం మీద ఎప్పుడూ ఉండే క్రిమి కాబట్టి తీసేటప్పుడు నమూనాకు అంటుకుని ఉండవచ్చు, నిజంగా లోపలే ఉండి ఉండవచ్చు. ఈ చిక్కు వల్లనే ఒకటి కాకుండా వేర్వేరు చోట్ల నుంచి కనీసం ఐదు నమూనాలు తీస్తారు. 2018లో ఫిలడెల్ఫియాలో జరిగిన అంతర్జాతీయ నిపుణుల సమావేశం కృత్రిమ భుజం కీలులో ఇన్ఫెక్షన్‌ను నిశ్చితం, సంభావ్యం, సాధ్యం, అసంభావ్యం అని నాలుగు తరగతులుగా విభజించింది. చర్మం నుంచి కీలు దాకా చీము దారి ఏర్పడటం, కీలులో కంటికి కనిపించే చీము ఉండటం, తీవ్రమైన బాక్టీరియా ఒకే రకానిది రెండు నమూనాల్లో పెరగడం లాంటివి ఉంటే నిశ్చితం అంటారు. మిగతా సందర్భాల్లో నొప్పి, ఎక్స్‌రేలో కీలు వదులు కావడం, కణజాల పరీక్ష, కల్చర్ అన్నింటినీ కలిపి తూచాలి. ఈ తూకంలో ఇద్దరు అనుభవజ్ఞులు వేర్వేరు నిర్ణయాలకు రావడం అరుదేమీ కాదు.

కృత్రిమ కీలు ఉంది. పళ్ల చికిత్సకు ముందు ప్రతిసారీ యాంటీబయాటిక్ వేసుకోవాలా?

సాధారణంగా అక్కరలేదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికీ, ఇదివరకే కృత్రిమ కీలులో ఇన్ఫెక్షన్ వచ్చినవారికీ డాక్టరు విడిగా నిర్ణయిస్తారు.

## ఇన్ఫెక్షన్ అని తేలాక

మందులతోనే తగ్గించలేరా? కీలు తీసేయాల్సిందేనా?

చర్మం పైపొరకే పరిమితమైన ఇన్ఫెక్షన్ మందులతో తగ్గుతుంది. లోహం, ప్లాస్టిక్, దారం మీద బయోఫిల్మ్ ఏర్పడ్డాక మాత్రం యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, ఆ పొర కింద నిద్రాణంగా ఉన్న బాక్టీరియాను మందు చంపలేదు. ఆపరేషన్ జరిగిన కొద్ది వారాల్లోనే బయటపడి, కీలు గట్టిగా ఉంటే, లోపల కడిగి, మార్చగలిగిన భాగాలు మార్చి, అసలు కీలును ఉంచి మందులు ఇవ్వవచ్చు. ఆలస్యంగా బయటపడితే కీలును తీసి అదే ఆపరేషన్‌లో కొత్తది పెట్టడం ఒక మార్గం. పాతది తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ దిమ్మెను తాత్కాలికంగా అమర్చి, వారాల తర్వాత కొత్త కీలు పెట్టడం రెండో మార్గం. ఎక్కువ జాగ్రత్త కదా అని రెండో మార్గమే కావాలని చాలామంది అడుగుతారు, కానీ మందకొడి బాక్టీరియా అయితే ఒకే ఆపరేషన్‌తోనూ మంచి ఫలితాలు వస్తున్నాయి, భుజం రెండుసార్లు తెరుచుకునే బాధా తప్పుతుంది.

యాంటీబయాటిక్ ఎన్నాళ్లు? మూత్రం నారింజ రంగులో వస్తోంది, ఆపేయనా?

లోతైన ఇన్ఫెక్షన్‌కు సాధారణంగా ఆరు వారాలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నట్లయితే మూత్రం, చెమట, కన్నీరు నారింజ రంగులోకి మారతాయి. అది మందు రంగే, హాని లేదు, కాంటాక్ట్ లెన్సులకు మాత్రం మరక పడుతుంది. ఈ మందు గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటి చాలా మందుల బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి మీరు వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. కళ్లు పచ్చబడితే, అన్నం చూస్తేనే వికారం పుడితే వెంటనే చూపించుకోవాలి.

నా నుంచి ఇంట్లోవారికి అంటుకుంటుందా?

క్యూటిబాక్టీరియం వారి చర్మంలోనూ ముందే ఉంది, మీ నుంచి కొత్తగా అంటుకునేది ఏమీ లేదు. చీము కారే గాయం అయితే కట్టు మార్చినవారు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తువ్వాలు వేరుగా ఉంచుకోవాలి. పిల్లలను ఎత్తుకోకూడదన్నది అంటుకుంటుందని కాదు, భుజం ఆ బరువు ఆపలేదని.

చికిత్స నడుస్తుండగా వ్యాయామాలు ఆపేయాలా?

పూర్తిగా ఆపితే కీలు బిగుసుకుంటుంది. వేళ్లు, మణికట్టు, మోచేయి కదపడం దాదాపు ఎప్పుడూ కొనసాగించవచ్చు. భుజాన్ని ఎంతవరకు కదపాలన్నది లోపల ఏం చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది: కడిగి కీలు ఉంచినవారికి ఒక పరిమితి, సిమెంట్ దిమ్మె ఉన్నవారికి మరొకటి. ఆ పరిమితిని సర్జన్ చేత కాగితం మీద రాయించుకుని ఫిజియోథెరపిస్టుకు చూపించండి.